కట్టు లేని కాలు

యీషున్‌లో సింగపూర్ తెలుగువాళ్ళ ఆటల పోటీలు జరిగే రోజున గంగాధర్‌కి తప్పకుండా ఒక ఫోను వస్తుంది. సంఘం కార్యదర్శి సుధాకరరావు గారు మైకు పుచ్చుకుని, గొంతు సవరించుకుని, "ఇప్పుడు మన కోచ్ గారి ఘనకార్యం తెర మీద చూద్దాం" అనగానే వస్తుంది. గంగాధర్ ఫోను చెవికి ఆనించుకుని, "ఆఁ, చెప్పండి చెప్పండి" అంటూ హాలు బయటికి నడిచిపోతాడు. అవతల ఎవరూ ఉండరు. ఎవరూ ఉండరని అతని భార్య ఆమనికి కూడా తెలుసు. మా ఆయనకి పొగడ్తలంటే మొహమాటం అని ఆవిడ నలుగురిలో చెప్పి మురిసిపోతుంది. మొగుడి గురించి ఆవిడ అంచనా తప్పిన విషయం బహుశా అదొక్కటే.

తెర మీద వచ్చేది నిమిషం కూడా లేని వీడియో. కబడ్డీ ఆడేవాళ్ళకి జీతాలిచ్చి, టీవీల్లో చూపించే లీగ్ మన దేశంలో మొదలైన కొత్తల్లోది. ఎడమ మోకాలికి ఇంత లావు కట్టు కట్టుకున్న ఒక ఆటగాడు కూతకొస్తాడు. మూలన కాచుకుని ఉన్న గంగాధర్, అప్పటి సన్నటి గంగాధర్, ఒక్క ఉదుటున వంగి అతని కాలు వాటేస్తాడు. ఎడమకాలు కాదు, కుడికాలు. కామెంటరీ చెప్పేవాడు గొంతు చించుకుని అరుస్తాడు: "చూశారా! దెబ్బ తగిలిన కాలు చేతికి అందేంత దగ్గర్లో ఉన్నా ముట్టుకోలేదు! మంచి కాలు పట్టుకున్నాడు! ఇదీ పెద్దమనిషి తరహా అంటే!" ఇక్కడ హాల్లో చప్పట్లు మోగిపోతాయి. పిల్లలు ఈలలు వేస్తారు. కాలు పట్టుబడిన ఆటగాడు ఆ తర్వాత లేచాడా లేదా అన్నది వీడియోలో ఉండదు. అక్కడికి ముందే కోసేశారు.

అతను లేవలేదు. అతని పేరు మహీధర్.

గంగాధర్‌ది చీరాల దగ్గర ఒక ఊరు. నాన్నకి చిన్న సైకిల్ షాపు. పిల్లవాడికి చదువు అబ్బలేదుగానీ పట్టు మాత్రం అబ్బింది. ఎవడైనా కూతకొచ్చాడంటే వాడి కాలు ఎటు పడుతుందో వాడికన్నా ముందు వీడికి తెలిసిపోయేది. అది చూసిన డ్రిల్లు మాస్టారు స్పోర్ట్స్ హాస్టల్లో చేర్పించాడు. అక్కడ పక్క మంచం మహీధర్‌ది. మహీధర్ కూతకెళితే చూడాల్సిందే, పాదం నేలకి ఆనుతోందా లేదా అన్నట్టుండేవాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారంటే అతిశయోక్తి కాదు, హాస్టల్లో కంచాలు నిజంగానే తక్కువ.

ఒక వేసవిలో మహీధర్ కుడి మోకాలి కీలు తప్పింది. ఎవరికైనా చెబితే జట్టులోంచి తీసేస్తారని భయం. రోజూ పడుకునే ముందు గంగాధరే దానికి నూనె రాసి, వేడి ఇసుక మూటతో కాపడం పెట్టేవాడు. కాపడం పెడుతుండగానే మహీధర్‌కి ఆ కిటుకు తట్టింది. "ఒరేయ్, దెబ్బ కుడికాలికి కదా, కట్టు ఎడమకాలికి కడదాం. పట్టేవాడు కట్టు చూసి అదే నొప్పి కాలనుకుని దాని మీద పడతాడు. ఆ కాలు రాయిలా ఉంటది. నా అసలు కాలు జోలికి ఎవడూ రాడు." ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. ఆ కిటుకు ఇంకెవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు మహీధర్. ఆ కట్టుతో రాష్ట్రమంతా తిరిగి ఆడాడు. ఎదటివాళ్ళు ఎడమకాలి మీద పడేవాళ్ళు, అది గుంజలా నిలబడేది.

లీగ్ మొదలైనప్పుడు ఇద్దరినీ వేర్వేరు జట్లు తీసుకున్నాయి. మహీధర్ మొదటి రోజు నుంచే పోస్టర్ల మీదకెక్కాడు. గంగాధర్ బెంచీ మీదకెక్కాడు. కొత్త బూట్లు, కొత్త జెర్సీ, ఫైవ్ స్టార్ హోటల్లో గది, ఇవన్నీ ఉన్నా ఆట లేదు. ఊళ్ళోవాళ్ళు టీవీ ముందు కూర్చుని, "మనవాడేడిరా?" అంటుంటే, సైకిల్ షాపాయన, "అదుగో, నీళ్ళ సీసాలు పట్టుకున్నాడు చూడు" అని చెప్పుకోవాల్సి వచ్చేది. సీజన్ చివరికొచ్చేసరికి జట్టు మేనేజరు గంగాధర్‌ని చూసినప్పుడల్లా తల తిప్పుకోవడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఏడు ఉంచుకునే ఉద్దేశం లేదని దాని అర్థం.

మహీధర్ జట్టుతో ఆట పడిన రోజున మూలన కాసే కుర్రాడికి భుజం పట్టేసింది. గంగాధర్‌ని దింపారు. ఆఖరి నిమిషాల్లో మహీధర్ కూతకొచ్చాడు. ఎడమ మోకాలికి కట్టు. గంగాధర్‌ని చూసి కన్నుగీటాడు కూడా. నీకు తెలుసుగా అన్నట్టు.

గంగాధర్‌కి తెలుసు. తన అరచేతులకి ఆ కుడి మోకాలి ప్రతి ఎముకా తెలుసు. ఏ పక్కకి తిప్పితే మహీధర్ మంచం మీద అరిచేవాడో కూడా తెలుసు. చేతులు వాటంతట అవే వెళ్ళాయని తర్వాత చాలాకాలం తనకి తాను చెప్పుకున్నాడు. చేతులు వాటంతట అవి ఎక్కడికీ వెళ్ళవు. వాటేశాడు, తిప్పాడు. చప్పుడు అతనికి వినిపించింది. కామెంటరీ వాడికి వినిపించలేదు.

ఆ ఏడు సత్ప్రవర్తనకి ఇచ్చే కప్పు గంగాధర్‌కి ఇచ్చారు. ఆస్పత్రికి ఫోను చేశాడు. ఏం మాట్లాడాలో తెలియక, "ఎలా ఉందిరా?" అన్నాడు. మహీధర్ "బానే పట్టావులేరా" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. ఫోను పెట్టేశాక గంగాధర్ హోటల్ బాత్రూంలో కుళాయి తిప్పి వదిలేసి ఏడ్చాడు. మహీధర్ మళ్ళీ కూతకెళ్ళలేదు. ఇప్పుడు ఏదో ప్రైవేటు స్కూల్లో పిల్లలకి డ్రిల్లు చెబుతున్నాడని గంగాధర్ విన్నాడు. మళ్ళీ మాట్లాడలేదు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడతాడు?

గంగాధర్ ఇంకో రెండు సీజన్లు ఆడాడు. ఆడాడన్న పేరేగానీ, కాలు పట్టాల్సినచోటల్లా చేతులు బిగుసుకుపోయేవి. మెల్లగా బెంచీ, ఆ తర్వాత ఇల్లు. ఈలోగా పెళ్ళయింది. ఆమనికి పాయా లేబర్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో ఉద్యోగం రావడంతో సింగపూర్ చేరారు. గంగాధర్ ఆంగ్ మో కియోలో ఒక గిడ్డంగిలో షిఫ్టు సూపర్వైజరయ్యాడు. యీషున్ ఫ్లాట్లో టీవీ పక్కన ఆమని ఆ కప్పు పెడుతుంది. అతను దాన్ని బూట్ల అరలోకి మారుస్తాడు. ఆవిడ మళ్ళీ తెచ్చి టీవీ పక్కన పెడుతుంది. ఈ దాగుడుమూతలు ఏళ్ళ తరబడి సాగుతున్నాయి.

కోచ్ అవ్వాలని అతను అనుకోలేదు. సుధాకరరావు గారే ఒక పెళ్ళి భోజనంలో పక్కన కూర్చుని, లీగ్ ఆడినవాడన్న సంగతి తెలుసుకుని, పాయసం గిన్నె చేతిలో ఉండగానే మాట తీసుకున్నాడు. ఆదివారాలు ఒక కమ్యూనిటీ హాల్లో నీలం మ్యాట్ పరిచి ఆడపిల్లల జట్టుకి నేర్పడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే గంగాధర్ మంచి కోచ్. నడుం పట్టు నేర్పాడు, ఇద్దరు చేతులు కలిపి గొలుసు కట్టడం నేర్పాడు, కూతలో ఊపిరి దాచుకోవడం నేర్పాడు. కాలి పట్టు మాత్రం తప్పించుకు తిరిగేవాడు. "ముందు నడుం సరిగ్గా పట్టండమ్మా, కాళ్ళ సంగతి తర్వాత" అనేవాడు. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు. కానీ వీడియో ఉంది కదా. పిల్లలు అది చూసి సొంతంగా నేర్చుకున్నారు. అందరికన్నా బాగా నేర్చుకున్నది నిఖిల. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడితే సగం ఇంగ్లీషు, చివర సింగపూర్ వాళ్ళ 'లా' ఒకటి. ఆ వీడియో తన ఫోనులో పెట్టుకుని, గంగాధర్‌ని గురించి కొత్తవాళ్ళకి ఆ పిల్లే చెబుతుంది.

మొదట్లో ఆ ఆదివారాల్లో చాందిని కూడా వచ్చేది. కరీంనగర్ పిల్ల, ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కూతకెళితే మహీధర్ గుర్తొచ్చేవాడు, అదే వేగం. ఆమె కుడి మోకాలు ఒకసారి బెణికినప్పుడు గంగాధర్ నోరు ఊరుకోలేదు. "దెబ్బ దాచుకోవాలమ్మా. కట్టు మంచి కాలికి కట్టుకో" అని చెప్పేశాడు. ఒట్టు గట్టుమీద పెట్టి, ఆ కిటుకు తన సొంతమైనట్టు చెప్పాడు. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూస్తే అప్పుడు కాస్త గర్వంగా కూడా అనిపించింది. తర్వాత చాందిని యూనివర్సిటీ జట్టులోకి వెళ్ళిపోయింది.

ఈ ఏడు ఫైనల్లో ఎదురుపడింది ఆ యూనివర్సిటీ జట్టే.

ఆటకి ముందు గంగాధర్ మంచినీళ్ళకోసం వెళితే అక్కడ వరండాలో చాందిని కింద కూర్చుని ఉంది. కుడి మోకాలు వాచి ఉంది.

"నమస్తే సార్. జర ఈ కట్టు కట్టుండ్రి. నాకు గట్టిగ కట్టుకునుడు వస్తలేదు."

"మళ్ళీ తిరగబెట్టిందా? ఆడొద్దమ్మా. ఆడకపోతే ఏమవుద్ది?"

"ఇదొక్కటే సార్. మా టీంల కూతకు పోయెటోళ్ళు నేను తప్ప ఇంకెవ్వలు లేరు. ఎడమ కాలికి కట్టుండ్రి. మీరే చెప్పిన్రు గద."

మందలించాల్సినవాడు మోకాళ్ళ మీద కూర్చుని కట్టు కట్టాడు. ఎదుటి జట్టు కోచ్ అని కూడా చూడకుండా తన దగ్గరికే వచ్చిందని లోపల ఎక్కడో సంతోషం వేసింది. తన పిల్లలకి ఈ విషయం ససేమిరా చెప్పకూడదని గట్టిగా అనుకున్నాడు. ఈసారి తెలిసిన రహస్యాన్ని వాడుకోడు. అలా అనుకునేసరికి మనసు తేలికపడింది. ఎన్నో ఏళ్ళ తర్వాత అతనికి తను మంచివాడిలా అనిపించిన క్షణం అది.

అది ఎంతోసేపు నిలవలేదు. అతను మ్యాట్ దగ్గరికి వచ్చేసరికి నిఖిల జట్టునంతా చుట్టూ నిలబెట్టుకుని చెబుతోంది.

"గర్ల్స్, చాందిని లెఫ్ట్ నీ చూశారా? బ్యాండేజ్ ఉంది. ఆ లెగ్ ఎవరూ టచ్ చెయ్యొద్దు, ఓకే? రైట్ లెగ్ ఓన్లీ. అంకుల్ లాగా. వి ప్లే క్లీన్, లా."

అందరూ తలలూపారు. అందరూ గంగాధర్ వైపు చూసి నవ్వారు.

ఒక్క మాట చాలు. కాళ్ళ జోలికి వెళ్ళొద్దు, నడుం మాత్రమే పట్టండి అంటే చాలు. కోచ్ మాట, కారణం కూడా చెప్పక్కర్లేదు. కానీ నిఖిల ఊరుకునే రకం కాదు. ఎందుకు అంకుల్ అంటుంది. ఎందుకో చెబితే చాందిని నమ్మకం పోతుంది. అలా అనుకుని సరిపెట్టుకోబోయాడుగానీ అసలు సంగతి అది కాదని అతనికే తెలుసు. మంచి కాలికి కట్టు కట్టుకోవడం అనే కిటుకు ఒకటి ఉందని ఈ పిల్లలకి తెలిసిందంటే, మరుక్షణం నిఖిల తన ఫోనులో వీడియోని కొత్త కళ్ళతో చూస్తుంది. అదీ భయం. చాందిని మోకాలి కన్నా తన పరువు బరువనిపించింది. నోరు తెరిచాడు. ఈలోగా సుధాకరరావు గారు శాలువా పట్టుకుని వచ్చి భుజాల మీద కప్పేసి, "గంగాధర్ గారూ, ఈసారి మాత్రం ఫోను రానివ్వను, ఇక్కడే నిలబడాలి" అని చెయ్యి పట్టుకున్నాడు. తెర వెలిగింది. పెద్దమనిషి తరహా అన్న మాట హాలంతా మోగింది. గంగాధర్ తెరిచిన నోరు మూసుకుని, శాలువా సర్దుకుని, నవ్వాడు.

నవ్వాడు. ఆ తర్వాత ఏది మరిచిపోయినా ఆ నవ్వు మరిచిపోలేకపోయాడు.

ఆట పోటాపోటీగా సాగింది. చాందిని కూతకొచ్చిన ప్రతిసారీ గంగాధర్ ఆమె కుడికాలినే చూశాడు. ఆమె తాకి వెళ్ళిపోతే, తన జట్టు పాయింటు పోయినందుకు లోలోపల సంతోషించాడు. అలా జరిగిపోతే బాగుండును, ఓడిపోయినా సరే, ఎవరూ పట్టకపోతే బాగుండును అనుకున్నాడు. మొక్కుకున్నాడు కూడా. నోరు విప్పి చెప్పాల్సిన మాట చెప్పకుండా దేవుడికి మొక్కుకున్నాడంటే, అది భక్తి అనుకోనక్కర్లేదు.

ఆఖరి కూత. ఇరుజట్లూ సమానం. చాందిని వచ్చింది. నిఖిల మూలన వంగి కాచుకుంది, చేతులు ముందుకు చాచి. ఆ వంగడం, ఆ చెయ్యి చాచడం, తల కాస్త పక్కకి వాల్చడం, అన్నీ వీడియోలోవే. ఎడమకాలు నిఖిల ముందు పడింది. అందేంత దగ్గర. నిఖిల దాన్ని వదిలేసింది. కుడికాలి కోసం ఆగింది.

"నిఖిలా! ఆ కాలు వద్దు! వదిలెయ్!" అని అరిచాడు గంగాధర్.

అప్పటికే పట్టేసింది. జట్టులో మరో ఇద్దరు పైన పడ్డారు. హాలంతా ఒక్కసారిగా లేచింది. ఆ కేకల్లో చాందిని అరుపు వినిపించింది గంగాధర్ ఒక్కడికే. రెఫరీ విజిల్ వేశాడు. సుధాకరరావు గారు మైకులో పూనకం వచ్చినట్టు ఊగిపోతున్నాడు: "గురువుకి తగ్గ శిష్యురాలు! కట్టు ఉన్న కాలు వదిలేసింది! చూశారా! కట్టు ఉన్న కాలు వదిలేసింది!" తెర మీద మళ్ళీ వీడియో పెట్టించాడు. అది అయిపోగానే మళ్ళీ మొదలవుతోంది, మళ్ళీ అయిపోగానే మళ్ళీ.

గంగాధర్ శాలువాతోనే మ్యాట్ మీదకి పరిగెత్తాడు. ఫస్ట్ ఎయిడ్ అమ్మాయి ఐస్ సంచీ పట్టుకొచ్చి ఎడమ మోకాలి మీద పెట్టబోతే, చాందిని తల అడ్డంగా ఆడించి కుడి మోకాలు చూపించింది. అది అప్పటికే చూడటానికి భయం వేసేలా ఉంది. నిఖిల ఒకసారి కట్టు వైపు, ఒకసారి వాచిన కాలి వైపు చూసింది.

"బట్ ఐ టుక్ ద గుడ్ లెగ్" అంది. ఎవరితో అంటోందో తెలియనట్టు మళ్ళీ అంది. "అంకుల్, నేను గుడ్ లెగ్ కదా పట్టుకున్నాను. మీలాగే."

చాందిని పళ్ళు బిగబట్టి గంగాధర్ మొహంలోకి చూసింది.

"సార్, మీరు చెప్పిన్రా వీళ్ళకు? నా కాలు సంగతి?"

"లేదమ్మా" అన్నాడు. "నేనేం చెప్పలేదు."

అది నిజమే. ఒక్క అబద్ధం కూడా లేని నిజం. ఏమీ చెప్పలేదు. వరండాలో వాచిన కాలు చూసి చెప్పలేదు, పిల్లలందరూ తన మొహంలోకి చూసి నవ్వుతుంటే చెప్పలేదు, ఇన్నేళ్ళుగా తెర వెలిగిన ప్రతిసారీ చెప్పలేదు. ఆ మాట అని ఊరుకోవచ్చు. చాందిని నమ్మేది. నిఖిల తెలియక చేసిన పొరపాటని అందరూ ఓదార్చేవారు, తను కూడా ఓదార్చేవాడు. చివరికి గెలిచిన కప్పు కూడా తీసుకునేవాడు.

నిఖిల ఏడుస్తోంది. "నాకు తెలీదు అంకుల్. ఐ స్వేర్. మీరు వదిలేయమని ఎందుకు అరిచారు? మీకు తెలుసా? యూ న్యూ?"

గంగాధర్‌కి తల కొట్టేసినట్టయింది. ఆస్పత్రి మంచం మీద నుంచి వచ్చిన మాట చెవిలో మళ్ళీ వినిపించింది. బానే పట్టావులేరా. శాలువా తీసి మ్యాట్ మీద పెట్టి, నిఖిల ఎదురుగా కూర్చున్నాడు. మైకు అడగలేదు, లేచి నిలబడలేదు. ఆ ఇద్దరు పిల్లలకి వినిపిస్తే చాలనుకున్నాడు.

"తెలుసమ్మా. ఆ కట్టు కట్టింది నేనే. దెబ్బ ఏ కాలికో నాకు తెలుసు. నువ్వు కుడికాలు పట్టమని చెప్తుంటే పక్కనే నిలబడి విన్నాను. ఊరుకున్నాను."

"వై?"

"ఆ వీడియోలో కుర్రాడు నా స్నేహితుడు. అతను కూడా ఇలాగే కట్టుకునేవాడు, మంచి కాలికి. ఈ కిటుకు అతనిదే. నువ్వు నాలాగే పట్టుకున్నానన్నావు కదా. లేదమ్మా. నీకు తెలియక పట్టుకున్నావు. నేను తెలిసి పట్టుకున్నాను."

నిఖిల ఏడుపు ఆగిపోయింది. తల ఎత్తి తెర వైపు చూసింది. అక్కడ సన్నటి గంగాధర్ మళ్ళీ వంగుతున్నాడు, మళ్ళీ చేతులు చాస్తున్నాడు, కామెంటరీ మళ్ళీ పెద్దమనిషి అంటోంది. ఎన్నోసార్లు చూసిన వీడియో. ఇన్నాళ్ళూ అందరిలాగా తనూ కట్టు ఉన్న కాలినే చూసింది. ఇప్పుడు మొదటిసారి రెండో కాలిని చూస్తోంది.

చాందినిని లేవదీయాల్సి వచ్చింది. గంగాధర్ వంగి భుజం అందించాడు. చాందిని ఆ భుజం వైపు చూసింది, నిఖిల వైపు చూసింది, చెయ్యి నిఖిల మెడ చుట్టూ వేసింది. ఇప్పుడే తన కాలు విరిచిన పిల్ల మెడ చుట్టూ.

"అంకుల్" అంది నిఖిల, అతని మొహంలోకి చూడకుండా, "కొంచెం జరగండి."

గంగాధర్ జరిగాడు.